వలస యింటి పిల్లలు - కౌమారదశ

కృష్ణానది తెలంగాణ నేలపై అడుగు పెట్టునది మక్తల్ ప్రాంతముననే. నది చేరువనే పారుచున్నను ఇచ్చటి మెట్ట పొలములకు చాల కాలము నీరందలేదు. అందుచే వానకారు పంట ముగియగనే మేస్త్రీల వద్ద ముందుగా సొమ్ము తీసికొని హైదరాబాదు, పుణె, ముంబయి నగరములకు పనికి పోవుట ఇక్కడి వారికి తరతరముల అలవాటైనది. దేశమందలి పెద్ద ఆనకట్టలు పెక్కింట “పాలమూరు లేబరు” చెమట కలిసియున్నది. భీమా ఎత్తిపోతల పథకమువలన సంగంబండ జలాశయమునకు నీరు వచ్చిన పిదప వలస కొంత తగ్గినను పూర్తిగా ఆగలేదు. 2019లో మక్తల్ నారాయణపేట జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినంత త్వరగా బ్రతుకుతెరువు మారదు గదా!

పోవువారు పసిపిల్లలను వెంటబెట్టుకొని పోవుదురు. బడి చెడరాదని ఊరిలో విడిచిపోవునది తరచుగా ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలను. అనగా 13 మొదలు 16 ఏండ్ల వారిని. ఇంట అవ్వయో, తాతయో తోడుందురు. అదియు లేనిచో హాస్టలే గతి. ఇట్టివారి కొరకు సర్వశిక్షా అభియాన్ క్రింద ఈ ప్రాంతమున సీజనల్ హాస్టళ్లు కూడ నడుపబడినవి. శరీరము, మనస్సు మిక్కిలి వేగముగా మారు వయస్సులోనే ఇల్లు ఖాళీ యగుచున్నదన్న మాట.

ఈ వయస్సులో మెదడునందు జరుగు మార్పు విచిత్రమైనది. సంతోషము, భయము, కోపము, తోటివారి మెప్పు మున్నగువానికి స్పందించు లోపలి భాగములు ముందుగా చురుకెక్కును. ముందు వెనుకలాలోచించి ఆవేశమును పట్టి యుంచు లలాటభాగము నెమ్మదిగా ఎదుగుచు 25 ఏండ్ల ప్రాంతమునకు గాని పరిపక్వము కాదు. ఎడ్లు బలిసినవి, పగ్గము ఇంకను పేనుచున్నారు. తొమ్మిదవ తరగతి బాలుడు చిన్న మాటకు పుస్తకము విసరికొట్టుట పొగరుబోతుతనము మాత్రమే కాకపోవచ్చును.

నిద్ర సంగతి కూడ ఇట్టిదే. చీకటి పడిన పిదప మెలటోనిన్ అను పదార్థము రక్తములో హెచ్చి నిద్ర తెప్పించును. కౌమారములో ఇది ఆలస్యముగా హెచ్చును. కనుక రాత్రి త్వరగా నిద్రపట్టదు, ఉదయము మెలకువ రాదు. ఈ వయస్సువారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరము. తల్లి లేని ఇంట వేకువనే లేచి నీరు మోసి, రొట్టె చేసి బడికి వచ్చిన బాలిక మూడవ పీరియడులో తూగుచున్నచో, ఆ తూగునకు కారణము పాఠముపై అశ్రద్ధ కాదు.

కష్టము వచ్చినపుడు శరీరమున కార్టిసాల్ అను హార్మోను పెరుగును. కొద్దిసేపు పెరిగి తగ్గినచో మేలే. పరీక్షనాడు మనస్సును నిలుపునది కొంతవరకు అదియే. నెలల తరబడి తగ్గకున్నచో నిద్ర, జ్ఞాపకము, ఏకాగ్రత దెబ్బతినును. పదిమందిలో నుండియు ఒంటరితనము అనుభవించువారికి, అప్పుల మాటలు నిత్యము వినువారికి ఇట్లు జరుగుట కలదు.

అయినను ఇట్టి ఇండ్లలోని పిల్లలందరును చెడిపోవుదురా? లేదు. దీనికి ప్రపంచమున ప్రసిద్ధమైన పరిశోధన ఒకటి కలదు. హవాయి ద్వీపములలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అను పరిశోధకురాండ్రు వారికి నడివయస్సు వచ్చువరకు గమనించుచు వచ్చిరి. వారిలో పేదరికము, ఇంటి కలహములు, తల్లిదండ్రుల అనారోగ్యము వంటి కష్టములు మూకుమ్మడిగా గలవారు కొందరు. ఆ కొందరిలో సుమారు మూడవ వంతు సమర్థులుగా, ప్రేమగలవారుగా, ఆత్మవిశ్వాసముతో పెరిగిరి. వీరిలో అసాధారణ ప్రజ్ఞ ఏమియు కనబడలేదు. కనబడినదేమనగా, వారికి తమను నమ్మి ఆదరించు పెద్దవారు ఒక్కరైనను ఉండిరి. అది అవ్వ కావచ్చును, పినతల్లి కావచ్చును, ఉపాధ్యాయుడు కావచ్చును. తమ వలన ఇంటికి ఉపయోగము కలదను భావము కూడ వారికి బలమిచ్చినది. కౌమారములో దారి తప్పిన వారిలో పెక్కురు ముప్పది ఏండ్లు దాటునప్పటికి చదువో, ఉద్యోగమో, మంచి వివాహమో ఆధారముగా కుదుటపడుట మరియొక విశేషము. పదవ తరగతి తప్పినవాని జీవితము అంతటితో ముగియలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఇంటి పని పిల్లలను గట్టిపరచునని దీని అర్థముగా తీసికొని, బాలికను బడి మాన్పించి పత్తి చేనికి పంపరాదు. మేకను కట్టివేసి మేత వేయుట బాధ్యత. రోజంతయు మేకల వెంట తిరుగుట చదువు పోగొట్టుకొనుట. పదునెనిమిది ఏండ్లు నిండక మునుపే “పిల్ల ఒంటరిగా ఉన్నది” అని పెండ్లి చేయుట చట్టమునకును, ఆరోగ్యమునకును విరుద్ధము.

ఉపాధ్యాయులకు కొంచెము చేదుగా తోచు ఫలితము కూడ ఒకటి చెప్పవలసియున్నది. బీహారులోని నలందా జిల్లాలో డెబ్బదికి పైగా ఉన్నత పాఠశాలలలో జరిగిన ప్రయోగపు ఫలితములు 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. గోడపత్రిక, బాధలు వ్రాసి వేయు పెట్టె, బృంద చర్చలు, ఆంతరంగిక సలహా మున్నగునవి కొన్ని పాఠశాలలలో శిక్షణ పొందిన బయటివారు నడిపిరి. కొన్నింట ఉపాధ్యాయులే నడిపిరి. బయటివారు నడిపిన చోట విద్యార్థులలో దిగులు తగ్గినది, తోటివారిని ఏడిపించుట తగ్గినది. ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పుకోదగిన మార్పు లేదు. మార్కులు వేయు చేతికే గుండె విప్పి చూపుట ఏ విద్యార్థికి సులభము? పైగా ఉపాధ్యాయునకు పాఠములు, రిజిస్టర్లు, ఎన్నికల విధులు ఉండనే యున్నవి. కనుక సలహాదారు పని పూర్తిగా వారి నెత్తిన వేయుట న్యాయము కాదు. అయినను ముందుగా గమనించు అవకాశము వారికే కలదు.

గమనింపదగినవి కొన్ని గలవు. నవ్వుచు తిరుగు పిల్లవాడు రెండు మూడు వారములు మూగవోవుట, అన్నము మానుట, కారణము లేక బడి ఎగగొట్టుట, “నేనుండి ఏమి లాభము” వంటి మాటలు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొద్ది దినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. చావు మాట అడిగినచో ఆ తలంపు పుట్టించినట్లగునని పెద్దలు జంకుదురు. ఇది అపోహ. మెల్లగా, సూటిగా అడుగుటచే ఆ తలంపు పుట్టదు, బరువు దిగును. అట్టి తలంపు ఉన్నదని తెలిసినచో ఆ పిల్లవానిని ఒంటరిగా విడువక, ఇంటి వారికి తెలిపి, వైద్యుని వద్దకు చేర్చవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ వారికి 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటాడవచ్చును. బాలల కష్టములకు 1098 కలదు.

వేసవి చివర తల్లిదండ్రులు ఊరు చేరుదురు. అప్పుడు అంతయు చక్కబడునని అందరు తలంతురు. ఆరు నెలలు తన నిర్ణయములు తానే చేసికొన్న బాలిక, మరల “ఎక్కడికి పోతున్నవే?” అను ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చినపుడు చిరాకు పడును. తండ్రికి అది ఎదురుతిరుగుటగా తోచును. విడిపోయినపుడు వలెనే తిరిగి కలిసినపుడు కూడ సర్దుకొనుటకు కొన్ని వారములు పట్టును. జూనులో బడి తెరచిన దినములలో తరగతి ఉపాధ్యాయుడు ఈ సంగతి తండ్రితో ఒక్కమారు మాటాడినచో ఆ ఇంట సగము జగడములు తగ్గును.