లెన్స్ కింద పడిందా? ఫోకస్ కుదరట్లేదా? రిపేర్‌కి ఇచ్చే ముందు ఈ టెస్టులు చేయండి

కెమెరా కింద పడినా గ్లాస్ పగల్లేదంటే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అసలు దెబ్బ తర్వాతి షూట్‌లో బయటపడుతుంది. పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ పెడితే వెనకున్న పూలదండలు షార్ప్‌గా వస్తాయి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలకు రీటేక్ ఉండదు. అందుకే తప్పు ఎక్కడుందో ముందే తేల్చుకోవాలి. దీనికి ఇంట్లోనే ఓ అరగంట చాలు.

ముందు ఇవి చూడండి

లెన్స్ మీదున్న ఏఎఫ్/ఎంఎఫ్ స్విచ్ దెబ్బకి మాన్యువల్‌లోకి జరిగిందేమో చూడండి. లెన్స్ తీసి, వెనకున్న బంగారు రంగు కాంటాక్టులను పొడి మైక్రోఫైబర్ క్లాత్‌తో తుడవండి. మౌంట్ వంగిందా, స్క్రూలు వదులయ్యాయా గమనించండి. ఫిల్టర్ పగిలి ఉంటే క్లాత్ పెట్టి రుద్దొద్దు. గాజు పొడి ముందు గ్లాస్‌ని గీకేస్తుంది. లెన్స్‌ని కిందికి వంచి బ్లోయర్‌తో ఊదండి.

ఫోకస్ రింగ్ తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే లోపల దెబ్బ తగిలినట్టే. అయితే కెనాన్ 50 ఎంఎం ఎస్‌టీఎం లాంటి లెన్స్‌లలో కెమెరా ఆన్‌లో ఉంటేనే రింగ్ పనిచేస్తుంది. ఆఫ్‌లో పనిచేయలేదని కంగారు పడొద్దు. స్టెబిలైజేషన్ ఉన్న కొన్ని లెన్స్‌లు ఊపినప్పుడు చిన్న శబ్దం రావడం కూడా మామూలే.

తప్పు లెన్స్‌దా? బాడీదా?

అదే కెమెరాకి వేరే లెన్స్ పెట్టి చూడండి. అది బాగుంటే అనుమానం మీ లెన్స్ మీదే. రెండూ తప్పితే బాడీని చూపించాలి. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఇంకో సులువు ఉంది. వ్యూఫైండర్‌లో చూసి తీసిన ఫోటో మసకగా, లైవ్ వ్యూలో తీసింది షార్ప్‌గా వస్తే గ్లాస్ బాగానే ఉన్నట్టు. లెక్క తప్పింది ఆటోఫోకస్‌లో. మెనూలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటే చాలాసార్లు అక్కడే సర్దుకోవచ్చు. ఎంట్రీ లెవెల్ బాడీల్లో చాలావాటికి ఈ ఆప్షన్ ఉండదు. మిర్రర్‌లెస్ కెమెరాలు నేరుగా సెన్సర్ మీదే ఫోకస్ చేస్తాయి కాబట్టి వాటికి ఈ తేడా సాధారణంగా రాదు.

న్యూస్‌పేపర్ టెస్ట్

గోడకి న్యూస్‌పేపర్‌ని చదునుగా అంటించండి. ట్రైపాడ్ మీద కెమెరాని పేపర్‌కి సరిగ్గా ఎదురుగా పెట్టండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్/1.8 లెన్స్ అయితే ఎఫ్/1.8లోనే, 2 సెకన్ల టైమర్‌తో ఫోటో తీయండి. జూమ్ చేసి నాలుగు మూలలూ పోల్చండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే అది లెన్స్ స్వభావం. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే లోపల గ్లాస్ పక్కకి ఒరిగి ఉండొచ్చు. కెమెరా వంకరగా పెట్టినా ఇలాగే వస్తుంది. సరిచేసి మళ్లీ తీయండి. అప్పుడూ అదే పక్క మసకగా ఉంటే ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు.

వీడియో తీసేవాళ్లు ఇంకోటి గమనించాలి. మంచి వెలుతురులో, కదలని వస్తువు మీద కూడా ఫోకస్ ఆగకుండా ముందుకీ వెనక్కీ ఊగుతుంటే మోటార్‌ని కూడా అనుమానించాలి.

యూట్యూబ్ చూసి విప్పొచ్చా?

వద్దు. లోపలి గ్లాసులను కొలిచి అమరుస్తారు. సన్నటి ఫ్లెక్స్ కేబుళ్లు చిన్నగా లాగినా తెగిపోతాయి. ఒకసారి విప్పిన లెన్స్‌ని తీసుకోవడానికి రిపేర్ చేసేవాళ్లు కూడా వెనకాడతారు. మామూలు వారంటీ కింద పడిన డ్యామేజ్‌కి సాధారణంగా వర్తించదు. ఇన్సూరెన్స్ ఉంటే పేపర్లు తీసి చూసుకోండి.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లేటప్పుడు టెస్ట్ ఫోటోలు, బాడీ కూడా తీసుకెళ్లండి. ముందు ఎస్టిమేట్ అడగండి. 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి చవక లెన్స్‌కి రిపేర్ ఖర్చు దాదాపు కొత్తదాని ధరకి చేరితే కొత్తది కొనడమే మేలు. ఖరీదైన జూమ్ లెన్స్ అయితే రిపేర్ గిట్టుబాటు అవుతుంది. ఈలోపు షూట్ ఒప్పుకుని ఉంటే మాత్రం ఆ లెన్స్‌ని నమ్ముకోకుండా అద్దెకి ఇంకోటి తెచ్చుకోండి.