భాగం 9: జిల్లా ఫెన్సింగ్ సంఘం నిర్వహణ – పరికరాల సంరక్షణ

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 సంఘం ఏర్పాటు, నిర్వహణ
9.3 పరికరాలు, ప్రమాణాలు
9.4 పరికరాల సంరక్షణ
9.5 రిజిస్టర్లు, బాధ్యత
9.6 సారాంశం
9.7 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• జిల్లా స్థాయి క్రీడా సంఘాన్ని ఏర్పాటు చేసే విధానాన్ని వివరించగలుగుతారు.
• ఫెన్సింగ్‌లోని మూడు రకాల కత్తుల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• కత్తులు, మాస్కులు, దుస్తులను కాపాడే పద్ధతులను, వాటి వెనుక ఉన్న కారణాలను చెప్పగలుగుతారు.
• పరికరాల రిజిస్టర్‌ను తయారు చేయగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

కామారెడ్డి జిల్లా బాన్సువాడలో ఎవరినైనా ఆపి "ఫెన్సింగ్" అంటే ఏమిటని అడిగితే, పొలం చుట్టూ వేసే కంచె అనే జవాబు రావచ్చు. నిజాంసాగర్ ఆయకట్టు కింద వరి పండే ప్రాంతంలో అది సహజమే. మనం ఇక్కడ చెప్పుకునేది కత్తిసాము క్రీడ గురించి. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్ నుంచీ ఈ క్రీడ ఉంది. చెన్నైకి చెందిన సి.ఎ. భవానీ దేవి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సేబర్ విభాగంలో పోటీపడి, ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారతీయ ఫెన్సర్‌గా నిలిచారు. ఆమె తొలి బౌట్‌ను 15–3 తేడాతో గెలిచారు. తరువాతి బౌట్‌లో ఫ్రాన్స్ క్రీడాకారిణి మనోన్ బ్రూనే చేతిలో 7–15తో ఓడిపోయారు.

ఇలాంటి క్రీడను ఒక చిన్న పట్టణంలో ప్రారంభించాలంటే ఏం కావాలి? కోచ్, హాలు, డబ్బు అని మీరు వెంటనే అనవచ్చు. అవన్నీ అవసరమే. అయితే అన్నింటికంటే ముందు కావలసింది నమ్మకం. తల్లిదండ్రులు తమ బిడ్డ ముఖానికి ఎదురుగా ఇంకొకరు కత్తి పట్టుకొని నిలబడటానికి ఒప్పుకుంటున్నారు. ఆ కత్తిని, ఆ మాస్కును ఎవరో ఒకరు పరీక్షించారనే నమ్మకంతోనే వారు ఒప్పుకుంటారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడమే సంఘం పని. బాన్సువాడలో ఇరవై మంది విద్యార్థులతో ఒక సంఘం మొదలైందని ఊహించుకొని ఈ పాఠాన్ని చదవండి.

9.2 సంఘం ఏర్పాటు, నిర్వహణ

తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు వ్యక్తులు కలిసి ఒక సొసైటీని రిజిస్టర్ చేసుకోవచ్చు. దీనికి రెండు పత్రాలు ముఖ్యం. మొదటిది మెమోరాండం: సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, కార్యవర్గ సభ్యుల వివరాలు ఇందులో ఉంటాయి. రెండవది బైలాలు, అంటే నియమావళి: సభ్యత్వం, ఎన్నికలు, సమావేశాలు, డబ్బు వ్యవహారాలు ఎలా జరగాలో ఇది చెబుతుంది. రిజిస్ట్రేషన్‌తో పని పూర్తయినట్లు కాదు. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు సమర్పించాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి.

జిల్లా సంఘం రాష్ట్ర సంఘంతోనూ, రాష్ట్ర సంఘం భారత ఫెన్సింగ్ సంఘంతోనూ అనుబంధంగా ఉంటాయి. ప్రపంచ స్థాయిలో 1913లో పారిస్‌లో స్థాపించిన అంతర్జాతీయ ఫెన్సింగ్ సమాఖ్య ఈ క్రీడ నియమాలను రూపొందిస్తుంది. క్రీడాకారుల పేర్లు సాధారణంగా ఈ వరుసలోనే పైకి వెళతాయి. కనుక కార్యదర్శి ఒక కాగితాన్ని గడువులోగా పంపకపోతే దాని ఫలితం కార్యదర్శికి కాదు, ఏడాదంతా సాధన చేసిన విద్యార్థికి తగులుతుంది.

కార్యవర్గంలో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉండటం మామూలే. ఫెన్సింగ్ సంఘంలో వీరితోపాటు "పరికరాల బాధ్యుడు" అనే పదవిని కూడా బైలాలలో చేర్చుకోవడం మంచిది. అందరి పని ఎవరి పనీ కాదు. బాధ్యత ఒకరి పేరు మీద ఉన్నప్పుడే పని జరుగుతుంది.

9.3 పరికరాలు, ప్రమాణాలు

ఫెన్సింగ్‌లో మూడు రకాల కత్తులు ఉన్నాయి.

ఫాయిల్: గరిష్ఠ బరువు 500 గ్రాములు, మొత్తం పొడవు 110 సెం.మీ. మొనతో మొండెం మీద తాకితేనే పాయింటు.
ఎపే: గరిష్ఠ బరువు 770 గ్రాములు, పొడవు 110 సెం.మీ. మొనతో శరీరంలో ఎక్కడ తాకినా పాయింటు.
సేబర్: గరిష్ఠ బరువు 500 గ్రాములు, పొడవు 105 సెం.మీ. మొనతోనూ అంచుతోనూ నడుము పైభాగంలో తాకవచ్చు.

ఫాయిల్, ఎపే కత్తుల మొన దగ్గర స్ప్రింగుతో పనిచేసే చిన్న బటన్ ఉంటుంది. తాకిడి బలంగా ఉన్నప్పుడే అది నొక్కుకుపోయి దీపం వెలుగుతుంది. ఫాయిల్ మొన మీద 500 గ్రాముల బరువు, ఎపే మొన మీద 750 గ్రాముల బరువు పెట్టి చూస్తారు. స్ప్రింగు ఆ బరువును తిరిగి పైకి ఎత్తగలగాలి.

క్రీడాకారులు మాస్కు, జాకెట్, దాని లోపల వేసుకునే ప్లాస్ట్రాన్, గ్లవ్, మోకాళ్ల కింది వరకు ఉండే బ్రీచెస్ ధరిస్తారు. ఫాయిల్, సేబర్ ఆటల్లో వీటిపైన "లామే" అనే లోహపు దారాల జాకెట్ వేసుకుంటారు. కత్తిని స్కోరు యంత్రానికి కలిపే తీగను బాడీ వైర్ అంటారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: జవాబును మూడు వాక్యాలకు మించకుండా మీ నోటు పుస్తకంలో రాయండి.
ప్రశ్న: ఫాయిల్, ఎపే ఆటల్లో పాయింటు వచ్చే శరీర భాగాలలో తేడా ఏమిటి?

9.4 పరికరాల సంరక్షణ

మొద్దుగా ఉన్న మొన కంటే విరిగిన కత్తి ప్రమాదకరం. 1982లో రోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, మాస్కో ఒలింపిక్స్ ఫాయిల్ విజేత వ్లాదిమిర్ స్మిర్నోవ్ ఆడుతుండగా ప్రత్యర్థి కత్తి విరిగింది. విరిగిన కొస మాస్కు జాలిని చీల్చుకొని లోపలికి వెళ్లింది. కొద్ది రోజులకు ఆయన మరణించారు. ప్రత్యర్థి తప్పు ఏమీ లేదు. ఆ తరువాతే మాస్కులు, దుస్తులు, బ్లేడ్ల ప్రమాణాలను కఠినం చేశారు. ఒలింపిక్ విజేతకు జరిగినది మన హాలులో జరగదని అనుకోరాదు. ఈ క్రింది జాగ్రత్తలను ఆ దృష్టితో చదవండి.

(అ) బ్లేడ్లు: ఆట ముగియగానే పొడి గుడ్డతో తుడవాలి. చెమటలోని ఉప్పు, వానాకాలపు తేమ కలిస్తే ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. తుడిచిన తరువాత పలుచగా నూనె రాయాలి. మొన దగ్గరి బటన్‌కు, తీగకు నూనె తగలకూడదు. తుప్పు మచ్చలను సన్నని గరుకు కాగితంతో తీయాలి. కత్తికి కత్తి తగిలి ఏర్పడిన గాట్లను వేలితో తడిమి గుర్తించి, చిన్న ఆకురాయితో నునుపు చేయాలి. పగులు సాధారణంగా ఆ గాటు దగ్గరే మొదలవుతుంది. ఫాయిల్, ఎపే బ్లేడ్ల వంపు 1 సెం.మీ. లోపు ఉండాలి. రెండు వైపులా మెలి తిరిగిన బ్లేడును, పగులు కనిపించిన బ్లేడును సరిచేసే ప్రయత్నం చేయకుండా వాడకం నుంచి తొలగించాలి.

(ఆ) మాస్కులు: జాలిలో గుంట, తుప్పు, సడలిన తీగ ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. ఏది కనిపించినా ఆ మాస్కును పక్కన పెట్టాలి. సుత్తితో గుంటను సరిచేస్తే అది మునుపటిలాగానే కనిపిస్తుంది, కానీ మునుపటి బలం ఉండదు.

(ఇ) జాకెట్లు: కొన్ని రక్షణ దుస్తులను కెవ్లార్ వంటి బలమైన దారాలతో నేస్తారు. క్లోరిన్ బ్లీచ్, తీక్షణమైన ఎండ ఈ దారాలను బలహీనపరుస్తాయి. తెల్లబట్టలను ఎండలో ఆరేయడం మన అలవాటు. ఫెన్సింగ్ జాకెట్‌ను మాత్రం తక్కువ సబ్బుతో, చల్లని నీటితో ఉతికి నీడలో ఆరేయాలి.

(ఈ) లామే, తీగలు: లామేను మడతపెట్టకుండా హ్యాంగరుకు తగిలించాలి. ఉతికినప్పుడు పిండకూడదు. మల్టీమీటరుతో కొలిచినప్పుడు లామే నిరోధం 5 ఓమ్‌లు, బాడీ వైర్‌లోని ఒక్కో తీగ నిరోధం 1 ఓమ్ దాటకూడదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం క్రీడాకారుడు పిస్ట్ మీదికి పనిచేసే రెండు కత్తులతో, రెండు బాడీ వైర్లతో రావాలి. లేకపోతే పసుపు కార్డు చూపిస్తారు.

తడి జాకెట్‌ను, కత్తులను ఒకే సంచిలో పెట్టి ఇంటికి తీసుకువెళ్లడం విద్యార్థులు చేసే సాధారణమైన తప్పు. మొదటి రోజే ఈ విషయం చెప్పాలి.

9.5 రిజిస్టర్లు, బాధ్యత

ప్రతి వస్తువుకు ఒక సంఖ్య వేయాలి. రిజిస్టర్‌లో ఈ కాలమ్‌లు ఉండాలి: వస్తువు సంఖ్య, కొన్న తేదీ, ధర, ఎవరికి ఇచ్చారు, తిరిగి వచ్చిన తేదీ, తనిఖీ చేసిన తేదీ, గమనించిన లోపం, తీసుకున్న చర్య, సంతకం. ఉదాహరణకు, "ఫాయిల్ 7 – మొన నుంచి ఒక జానెడు దూరంలో గాటు – ఆకురాయితో నునుపు చేశాం – వచ్చే వారం మళ్లీ చూడాలి" అని రాస్తే, వచ్చే వారం చూసేవారికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

వారానికి ఒకసారి పరికరాల బాధ్యుడు, ప్రతి ఆటకు ముందు ఆడేవారు పరికరాలను తనిఖీ చేయాలి. తొలగించిన బ్లేడును హాలు మూలన పెట్టకుండా రెండు ముక్కలు చేసి పారేయాలి. లేకుంటే కత్తులు తక్కువైన రోజున ఎవరో ఒకరు దాన్నే తీసుకుంటారు. బడ్జెట్‌లో కొత్త కత్తుల కంటే ముందు మాస్కులకు, విడి భాగాలకు డబ్బు కేటాయించాలి. ఇరవై మంది విద్యార్థులకు పన్నెండు మంచి మాస్కులే ఉంటే, పన్నెండు మందే ఆడాలి. మిగిలిన ఎనిమిది మంది కాళ్ల కదలికలు సాధన చేయాలి. "ఈ ఒక్కసారికి" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
ప్రశ్న: తొలగించిన బ్లేడును ఎందుకు ముక్కలు చేయాలి?

9.6 సారాంశం

సంఘం నిర్వహణ, పరికరాల సంరక్షణ వేర్వేరు పనులుగా కనిపిస్తాయి. నిజానికి రెండింటిలోనూ ఉన్నది జవాబుదారీతనమే. గడువులోగా పంపిన కాగితం విద్యార్థి అవకాశాన్ని కాపాడుతుంది. తుడిచిన బ్లేడు, పరీక్షించిన మాస్కు విద్యార్థి ప్రాణాన్ని కాపాడతాయి. మీ ఊరిలో ఏ క్రీడకు సంఘం పెట్టినా ఈ సూత్రం వర్తిస్తుంది.

9.7 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జిల్లా క్రీడా సంఘం ఏర్పాటు విధానాన్ని, వార్షిక బాధ్యతలను వివరించండి.
2. ఫెన్సింగ్ పరికరాల సంరక్షణ పద్ధతులను కారణాలతో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పరికరాల రిజిస్టర్‌లో ఉండవలసిన అంశాలు ఏవి?
2. 1982 రోమ్ ప్రమాదం తరువాత వచ్చిన మార్పులు ఏమిటి?
3. మీకు తెలిసిన ఒక క్రీడా సంఘాన్ని సందర్శించి, అక్కడి పరికరాల తనిఖీ విధానంపై ఒక నివేదిక రాయండి.