సముద్ర రక్షణ చర్యలలో అత్యవసర వైద్యం

సముద్రంలో ప్రమాదానికి గురైన నౌకలు, పడవలలోని వారిని కాపాడే సమయంలోను, వారిని ఒడ్డుకు చేర్చేలోపున అందించే వైద్య సహాయాన్ని సముద్ర అత్యవసర వైద్యం అంటారు. నేలపై ప్రమాదం జరిగితే 108 వాహనాన్ని పిలిపించవచ్చు. నడిసముద్రంలో సహాయం చేరడానికి గంటలు పడుతుంది. ఆ వ్యవధిలో బాధితుని ప్రాణం తోటివారి ప్రథమ చికిత్సపైనే ఆధారపడి ఉంటుంది.

వ్యవస్థ

1979లో హాంబర్గ్ నగరంలో సముద్ర అన్వేషణ, రక్షణలపై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఇది 1985లో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం రక్షణ అనగా ఆపదలోనివారిని నీటినుండి బయటికి తీయడం మాత్రమే కాదు. వారికి తొలి వైద్య సహాయం అందించి, సురక్షిత ప్రదేశానికి చేర్చడం కూడా అందులో భాగమే.

భారతదేశంలో ఈ బాధ్యతను భారత తీర రక్షక దళం నిర్వహిస్తున్నది. ముంబై, చెన్నై, పోర్ట్ బ్లెయిర్ (శ్రీ విజయపురం)లలో రక్షణ సమన్వయ కేంద్రాలు ఉన్నాయి. ఆంధ్ర తీరం చెన్నై కేంద్రం పరిధిలోకి వస్తుంది. ఆపదలో ఉన్నవారు 1554 నంబరుకు ఫోను చేయవచ్చు. తీరానికి దూరంగా ఫోను పనిచేయదు కనుక, వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ ద్వారా సమీప నౌకలకు, పడవలకు సమాచారం ఇవ్వాలి.

రేడియో ద్వారా వైద్య సలహా

చాలా సరుకు నౌకలలో వైద్యుడు ఉండడు. ఒక అధికారి ఒడ్డునున్న వైద్యునికి రోగి లక్షణాలను రేడియోలో వివరించి, ఆయన సూచనల ప్రకారం నౌకలోని మందులపెట్టెతో చికిత్స చేస్తాడు. ఇటువంటి సేవకు 1935లో రోమ్ నగరంలో స్థాపించబడిన కేంద్రం పేరుగాంచినది. రేడియో పరిశోధకుడు మార్కోని దాని తొలి అధ్యక్షుడు. రోగిని హెలికాప్టరులో తరలించాలా, నౌకలోనే ఉంచాలా అన్న నిర్ణయంలో కూడా వైద్యుని సలహా కీలకం.

2024 ప్రమాదం

2024 మార్చిలో కాకినాడనుండి వేటకు వెళ్ళిన దుర్గా భవాని అనే పడవలో ఏప్రిల్ 5న మంటలు చెలరేగి, ఆపై గ్యాస్ సిలిండరు పేలింది. అప్పుడది తీరానికి సుమారు 65 నాటికల్ మైళ్ళ (120 కి.మీ.) దూరంలో ఉంది. అందులోని తొమ్మిదిమంది మత్స్యకారులు సముద్రంలోకి దూకారు. దగ్గరలోని మరో పడవ ద్వారా సమాచారం అందుకున్న తీర రక్షక దళ నౌక 'వీర' అక్కడికి చేరుకొంది. నౌకలోని వైద్య బృందం కాలిన గాయాలకు చికిత్స చేసింది. తరువాత వారిని విశాఖపట్నం తరలించారు. కబురు అందించడం, నౌకలో చికిత్స, ఆసుపత్రికి తరలింపు అనే మూడు అంచెలూ ఈ ఘటనలో కనిపిస్తాయి.

ప్రథమ చికిత్స

* మునిగినవారు శ్వాస తీసుకోకపోతే వెంటనే నోటితో ఊపిరి అందించాలి. తరువాత ఛాతీపై 30 నొక్కులకు రెండు శ్వాసల చొప్పున కొనసాగించాలి.
* నీరు కక్కించడానికి పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం చేయరాదు. దీనివలన విలువైన కాలం వృథా అవుతుంది. పొట్టలోనిది ఊపిరితిత్తులలోకి పోవచ్చు.
* చాలాసేపు నీటిలో ఉన్నవారిని వీలైనంతవరకు పడుకున్న భంగిమలో పైకి తీయాలి. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి హఠాత్తుగా తొలగితే రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది.
* నీరు గాలికన్న ఎంతో వేగంగా శరీరపు వేడిని హరిస్తుంది. తడి బట్టలు తీసి, పొడి దుప్పటి కప్పాలి.
* కాలిన చోట 20 నిమిషాలపాటు చల్లని మంచినీరు పోసి, శుభ్రమైన గుడ్డ కప్పాలి. సిరా, గ్రీజు వంటివి పూయరాదు.
* దాహంతో ఉన్నవారికి ఉప్పునీరు ఇవ్వరాదు. స్పృహలో ఉంటే మంచినీరు లేదా ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించాలి.

నీటిలో మునిగి కోలుకున్నవారిని కూడా ఆసుపత్రిలో చూపించాలి. శ్వాస ఇబ్బంది కొన్ని గంటల తరువాత పెరగవచ్చు.

లోతట్టు ప్రాంతాలు

ఈ పద్ధతులలో చాలావరకు సముద్రానికి మాత్రమే పరిమితం కావు. పూర్వపు వరంగల్ జిల్లాలోని తొర్రూరు (2016 నుండి మహబూబాబాదు జిల్లా) వంటి లోతట్టు ప్రాంతాలలో చెరువులలోనో, బావులలోనో మునిగినవారికీ శ్వాస అందించే విధానం ఇదే. తేడా ఏమిటంటే, ఇక్కడ 108 వాహనం చేరేవరకు ఆ పని సాగిస్తే చాలు.

ఇవి కూడా చూడండి

* భారత తీర రక్షక దళం
* ప్రథమ చికిత్స