కొలువులో చదువు
ఉద్యోగం లభించగానే చదువు ముగిసిందని భావించేవారు పలువురు. ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరినవారికి ఈ భావన నష్టదాయకం. పదోన్నతికి సేవాకాలం ఒక్కటే చాలదు; రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే శాఖాపరమైన పరీక్షలలో ఉత్తీర్ణత సాధించాలి. ప్రకటనను గమనించని ఉద్యోగి తన తరువాత చేరినవారు ముందుకు సాగడం చూడవలసివస్తుంది.

కొన్ని పత్రాలకు పుస్తకాలు వెంట తీసుకువెళ్ళే అనుమతి ఉంది. ఇది సులభమని అనుకోరాదు. ఫండమెంటల్ రూల్స్‌లో, ఫైనాన్షియల్ కోడ్‌లో ఏ నియమం ఎక్కడున్నదో ఎరుగనివారికి గ్రంథం చేతనున్నా సమయం చాలదు. ఆ గ్రంథాలు సాధారణంగా కార్యాలయపు బీరువాలోనే ఉంటాయి. సెలవు లెక్కకో, ఇంక్రిమెంటు మంజూరుకో దస్త్రం బల్లమీదికి వచ్చినప్పుడల్లా సంబంధిత నియమాన్ని తెరచి చదివేవారికి నిత్యకృత్యమే శిక్షణ అవుతుంది. సందేహాలు సూపరింటెండెంటును అడగడానికి బిడియపడనక్కరలేదు; ఆయనా ఆ పరీక్షలు దాటివచ్చినవారే.