పారుడు పట్టిన దూడకు నీరే ప్రాణం



పారుడు పట్టిన దూడలు చాలావరకు, ఒంట్లోంచి పోయిన నీరు, లవణాలు తిరిగి అందకనే చనిపోతాయి. దూడ శరీరంలో నూటికి 70 పాళ్లకు పైగా నీరే. అందుచేత డాక్టరు వచ్చేలోగానే వైద్యం మొదలు కావలెను.

ముందు నష్టాన్ని అంచనా వేయాలి. మెడపై చర్మాన్ని మడిచి వదలండి. వెంటనే సర్దుకుంటే నష్టం స్వల్పం. మడత కొన్ని సెకన్లు నిలిచి, కళ్లు లోతుకు పోతే, బరువులో సుమారు నూటికి 8 పాళ్ల నీరు పోయినట్లు. అంటే 30 కిలోల దూడకు 2.4 లీటర్ల లోటు. రోజువారీ అవసరం, ఇంకా పారుతున్నది దీనికి అదనం.

దూడ లేచి నిలబడి, నోట్లో వేలు పెడితే చప్పరిస్తున్నదా? అయితే నోటి ద్వారానే పట్టవచ్చు. పశువులకు వాడే ఎలక్ట్రొలైట్ పొడిని ప్యాకెట్టుపై చెప్పిన కొలతలో కలపండి. అది లేకుంటే మనుషుల ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును లీటరు నీటిలో కలపండి. గోరువెచ్చగా, పూటకు లీటరు చొప్పున, రోజుకు మూడు నాలుగుసార్లు ఇవ్వండి. ఇందులోని గ్లూకోజు ఉప్పును, ఉప్పు నీటిని పేగులనుండి రక్తంలోకి చేరుస్తాయి. 1971లో బంగాఁవ్ శరణార్థి శిబిరంలో సెలైను నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ పద్ధతితోనే వేలాది కలరా రోగులను కాపాడారు.

పాలు తాగితే పారుడు ఎక్కువవుతుందని కొందరు దూడకు పాలు మాన్పించడం తనిఖీలలో మేము చూస్తుంటాము. ఇది తగదు. నీరసించిన దూడకు పాలే ఆహారం. కొద్దికొద్దిగా తాగనివ్వండి. పాలకూ ఈ ద్రావణానికీ రెండు మూడు గంటల ఎడం ఉంచండి. రెండూ కలిపి పట్టరాదు.

దూడ పడిపోయి, చెవులు, నోరు చల్లబడి, చప్పరించలేకపోతే గొట్టంతో ఏదీ పోయకండి. పొరపోయి ఊపిరితిత్తులలో చేరుతుంది. పొడి గోనెసంచి పరిచి, ఒళ్లు వెచ్చగా ఉంచి, వెంటనే పశువైద్యుని పిలవండి. అప్పుడు నరానికి సెలైను ఎక్కించవలసిందే. డాక్టరు పెట్టిన వేగాన్ని మీరు పెంచకండి. అవసరానికి మించి త్వరగా ఎక్కితే ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. దూడ లేచి నిలబడినా, పారుడు కట్టేవరకు ద్రావణం పట్టడం ఆపరాదు.

ప్రతి సంఘమూ పాల కేంద్రంలో కొన్ని ప్యాకెట్లు నిలవ ఉంచవలెనని మా మనవి. నేటి పెయ్యే రేపటి పాడి.