అంతరకృషి వేళ కదలని చిన్న ట్రాక్టరు: స్టార్ట్ కాని ఇంజనులో లోప నిర్ధారణ క్రమం
(వికారాబాద్, తాండూరు కంది ప్రాంతాల దృష్ట్యా)

సారాంశం

కంది సాళ్ల మధ్య అంతరకృషికి వాడే చిన్న ట్రాక్టర్లు, పవర్ వీడర్లు సంవత్సరంలో కొద్ది వారాలు మాత్రమే పనిచేసి, మిగిలిన కాలమంతా కొట్టంలో నిలిచి ఉంటాయి. అందువల్ల సరిగ్గా అవసరమైన రోజుననే అవి స్టార్ట్ కాకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. ఈ స్థితిలో భాగాలను ఊహపై మార్చుకుంటూ పోవడం ఖర్చుతో, కాలహరణతో కూడిన పని. ఇంజను తిరుగుతున్నదా లేదా అన్న ఒక్క పరిశీలనతో మొదలుపెట్టి, క్రమంగా లోపాన్ని గుర్తించే విధానాన్ని, అందులో పాటించవలసిన భద్రతా నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

2016 అక్టోబరులో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో రెండు భిన్నమైన నేలలు కనిపిస్తాయి. వికారాబాద్ పరిసరాలలో ఎర్ర నేలలు, జేగురు నేలలు ఉండగా, తాండూరు వైపు సున్నపురాతి పొరలపై ఏర్పడిన నల్లరేగడి నేలలు విస్తరించి ఉన్నాయి. ఈ రేగడిలో పండే తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. తాండూరులోని వ్యవసాయ పరిశోధన స్థానం కంది పరిశోధనకు పేరొందిన కేంద్రం.

కంది తొలి దశలో నెమ్మదిగా పెరిగే పైరు. విత్తిన మొదటి 45 నుండి 60 రోజుల వరకు కలుపు పైరును మించి పెరుగుతుంది. ఈ కాలంలోనే గుంటుక లేదా దంతెతో అంతరకృషి చేయవలసి ఉంటుంది. నల్లరేగడిలో సాళ్ల మధ్య 150 నుండి 180 సెంటీమీటర్ల దూరం పాటిస్తారు కనుక తక్కువ వెడల్పు గల చిన్న ట్రాక్టరు ఆ సాళ్లలో నడవగలదు. ఎడ్ల జతలు తగ్గిపోతున్న గ్రామాలలో ఈ యంత్రంపై ఆధారపడటం పెరిగింది.

అయితే రేగడి నేల రైతుకు ఇచ్చే వ్యవధి చాలా తక్కువ. వాన వెలిసిన వెంటనే చక్రం దిగబడుతుంది. నాలుగు రోజులు ఎండ కాస్తే నేల బిగిసి గుంటుక దిగదు. ఈ రెండింటి మధ్య పదును ఉండే రెండు మూడు రోజులలో యంత్రం మొరాయిస్తే, మళ్లీ వాన పడి నేల ఆరే వరకు కలుపు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి స్టార్ట్ కాని ఇంజను కేవలం మెకానిక్‌కు సంబంధించిన విషయం కాదు. అది కలుపు యాజమాన్యంలో భాగం.

మొదటి ప్రశ్న: ఇంజను తిరుగుతున్నదా?

రైతు చెప్పే ఫిర్యాదు సాధారణంగా ఒక్కటే: 'బండి స్టార్ట్ అయితలేదు.' ఈ మాట వెనుక రెండు వేర్వేరు స్థితులు ఉంటాయి. ఒకటి, తాళంచెవి తిప్పినా ఇంజను అసలు తిరగకపోవడం. రెండు, ఇంజను చక్కగా తిరుగుతున్నా అంటుకోకపోవడం. మొదటిది విద్యుత్ సంబంధమైన లోపం. రెండవది ఎక్కువగా ఇంధన సంబంధమైన లోపం. ఈ విభజన చేయకుండా బ్యాటరీ, ఫిల్టర్, నాజిల్ అన్నింటినీ ఒకేసారి విప్పడం వలన అసలు కారణం మరుగున పడుతుంది.

పనిముట్లను విప్పడానికి ముందు తనిఖీ చేయవలసిన అంశాలు నాలుగు: ట్యాంకులో ఇంధనం ఉన్నదా, ఇంధనపు కుళాయి తెరిచి ఉన్నదా, ఇంజనును ఆపడానికి లాగే పిడి తిరిగి లోపలికి నెట్టబడినదా, గేరు తటస్థ స్థితిలో ఉన్నదా. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన పరీక్షలన్నీ వృథా అవుతాయి.

ఇంజను తిరగనప్పుడు

తాళంచెవి తిప్పినప్పుడు వచ్చే శబ్దమే మొదటి సూచన. వరుసగా 'కట కట' శబ్దం వస్తే బ్యాటరీలో శక్తి చాలడం లేదని, లేదా తీగల అతుకులు సరిగా లేవని భావించాలి. ఒక్కసారి 'టక్' మని ఆగిపోతే సెల్ఫ్ మోటారు, దాని సోలనాయిడ్, లేదా లావు తీగల అతుకులు అనుమానించదగినవి. ఏ శబ్దమూ రాకపోతే ఫ్యూజు, తాళపు స్విచ్చి, భద్రతా స్విచ్చిలు పరిశీలించాలి.

12 వోల్టుల సీసం-ఆమ్లం బ్యాటరీ పూర్తిగా ఛార్జి అయి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 వోల్టులు చూపితే అది దాదాపు సగం ఖాళీ అయినట్లు. 12 వోల్టులకు దిగితే నాలుగో వంతు మాత్రమే మిగిలినట్లు. కాని విశ్రాంతి వోల్టేజి ఒక్కటే సరిపోదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ ధ్రువాల మధ్య వోల్టేజి సుమారు 9.6 కన్నా దిగువకు పడిపోతే ఆ బ్యాటరీ బలహీనపడినట్లు లేదా ఛార్జి చాలనట్లు గ్రహించాలి. నెలల తరబడి ఛార్జి లేకుండా ఉంచిన బ్యాటరీలో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది. అటువంటి బ్యాటరీ ఛార్జి చేసిన తరువాత మంచి వోల్టేజి చూపినా, భారం పడగానే కుప్పకూలుతుంది.

బ్యాటరీ మంచిదైనా ఇంజను తిరగకపోవచ్చు. ఒక ఉదాహరణ తీసుకొందాం. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ధ్రువాల మధ్య 12.4 వోల్టులు నిలిచి ఉన్నాయి. అయినా 'టక్' అన్న శబ్దం తప్ప కదలిక లేదు. సెల్ఫ్ మోటారుకు నిజంగా పెద్ద మొత్తంలో విద్యుత్ అంది ఉంటే బ్యాటరీ వోల్టేజి తప్పక కొంత పడిపోవాలి. పడలేదంటే దారిలో ఎక్కడో ఆటంకం ఉన్నదని అర్థం. తాళంచెవి తిప్పి ఉంచిన స్థితిలోనే బ్యాటరీ ధన ధ్రువం నుండి సెల్ఫ్ బోల్టు వరకు కొలిస్తే 0.2 వోల్టులు వచ్చాయనుకొందాం. ఇది ఆమోదయోగ్యమైన నష్టం. రుణ ధ్రువం నుండి సెల్ఫ్ మోటారు తొడుగు వరకు కొలిస్తే 8 వోల్టులు వచ్చాయి. అంటే సెల్ఫ్ మోటారుకు మిగిలినవి 4.2 వోల్టులే. లోపం బ్యాటరీలో లేదు, మోటారులో లేదు. ఎర్త్ తీగ బిగించిన చోట పట్టిన తుప్పులో, మట్టిలో ఉన్నది. ఆ అతుకు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, గట్టిగా బిగిస్తే సరిపోతుంది. ఈ కొలత తీయకపోతే రైతు కొత్త బ్యాటరీ కొంటాడు; కొత్త బ్యాటరీతోనూ బండి కదలదు. సాధారణంగా సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఒక్కో వైపు నష్టం అర వోల్టు మించితే ఆ వైపు అతుకులను శుభ్రం చేయవలసి ఉంటుంది.

భద్రతా స్విచ్చిలు: దాటవేయరాని అడ్డు

ఇటీవలి చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి క్లచ్ పెడల్ వద్దనో, గేరు పెట్టె వద్దనో ఒక స్విచ్చి ఉంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కనప్పుడు, లేదా గేరు తటస్థంగా లేనప్పుడు సెల్ఫ్‌కు విద్యుత్ వెళ్లకుండా ఇది ఆపుతుంది. క్రీడా మైదానాలలో, ఉద్యానాలలో వాడే కూర్చొని నడిపే గడ్డి కోత యంత్రాలలో ఈ ఏర్పాటు మరింత విస్తృతం. బ్రేకు తొక్కి, బ్లేడు తిరగని స్థితిలో ఉంచితే తప్ప అవి స్టార్ట్ కావు. బ్లేడు తిరుగుతుండగా నడిపే వ్యక్తి సీటు నుండి లేస్తే ఇంజను ఆగిపోతుంది. రెండింటిలోనూ సూత్రం ఒక్కటే: నియంత్రణలో మనిషి లేనప్పుడు యంత్రం కదలరాదు.

మట్టి చేరి ఈ స్విచ్చి పనిచేయనప్పుడు కొందరు తీగలు కలిపి 'డైరెక్ట్' చేస్తారు. మరికొందరు చక్రం పక్కన నేలపై నిలబడి, స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు బోల్టులను కలుపుతారు. ఈ పద్ధతిలో భద్రతా స్విచ్చి ప్రమేయం ఉండదు. గేరులో ఉన్న ట్రాక్టరు అంటుకొన్న మరుక్షణమే ముందుకు కదులుతుంది. నిలబడిన వ్యక్తి వెనుక చక్రం దారిలోనే ఉంటాడు. ప్రపంచవ్యాప్తంగా ట్రాక్టరు ప్రమాద మరణాలకు తెలిసిన కారణాలలో ఇది ఒకటి. స్విచ్చిని శుభ్రం చేయడం, తీగ అతుకు సరిచేయడం, అవసరమైతే మార్చడం మాత్రమే సరైన మార్గమని, స్టార్ట్ చేసే వ్యక్తి ఎల్లప్పుడూ సీటులోనే ఉండాలని విస్తరణ సిబ్బంది ప్రతి శిక్షణలోనూ స్పష్టం చేయవలసి ఉన్నది.

ఇంజను తిరిగినా అంటుకోనప్పుడు

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండరులో నొక్కబడిన గాలి వేడికే డీజిల్ మండుతుంది. కనుక దానికి కావలసినవి మూడు: గాలి, తగిన ఒత్తిడి, సకాలంలో అందే డీజిల్. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగ గొట్టాన్ని గమనిస్తే సగం నిర్ధారణ అక్కడే జరుగుతుంది. పొగ ఏమాత్రం రాకపోతే డీజిల్ సిలిండరుకు చేరడం లేదు. తెల్లని పొగ వస్తే డీజిల్ చేరుతున్నది కాని మండడం లేదు. చలి, ఒత్తిడి లోపం, లేదా ఇంజెక్షన్ సమయం తప్పడం కారణాలు కావచ్చు. మూసుకుపోయిన ఎయిర్ క్లీనర్ కూడా ఇంజనును అంటుకోనీయదు.

డీజిల్ చేరకపోవడానికి ప్రధాన కారణాలు ఫిల్టర్ మూసుకుపోవడం, ట్యాంకులో నీరు చేరడం, పైపులలో గాలి పట్టడం. సగం ఖాళీ ట్యాంకులో పగటి వేడికి, రాత్రి చలికి గాలిలోని తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది. అందుచేత ముందుగా ఫిల్టర్ అడుగున ఉన్న గిన్నెను విప్పి నీటిని, మడ్డిని తీసివేయాలి. అనంతరం గాలి తీయడం ఈ క్రమంలో జరగాలి:

1. ట్యాంకులో తగినంత డీజిల్ పోసి, కుళాయి తెరవాలి.
2. ఫిల్టర్ పైనున్న గాలి స్క్రూను వదులు చేసి, చేతి పంపును నొక్కుతూ బుడగలు లేని డీజిల్ ధార వచ్చిన తరువాత బిగించాలి.
3. ఇంజెక్షన్ పంపు వద్దనున్న స్క్రూతో ఇదే పని చేయాలి.
4. అప్పటికీ అంటుకోకపోతే నాజిల్ పైపుల నట్లను కొద్దిగా వదులు చేసి, సెల్ఫ్ కొట్టి, డీజిల్ కనిపించగానే బిగించాలి.

నాజిల్ నుండి వెలువడే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలంత ఒత్తిడితో ఉంటుంది. దానిని చేతితో తాకి పరీక్షించరాదు. సెల్ఫ్‌ను ఒకేసారి 10 సెకన్లకు మించి కొట్టరాదు. ప్రతి ప్రయత్నానికి మధ్య కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి. లేనిచో మోటారు వేడెక్కి, మొదట లేని లోపం కొత్తగా చేరుతుంది.

పెట్రోలు పవర్ వీడర్లు

ఎర్ర నేలల్లోని ఇరుకు సాళ్లలో వాడే పవర్ వీడర్లలో పరీక్షా క్రమం కొంత భిన్నమైనది. కొన్నిసార్లు తాడు లాగిన తరువాత ప్లగ్ విప్పి చూడాలి. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు చేరడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు చేరుతున్నది కాని నిప్పురవ్వ రావడం లేదు, లేదా చోక్ అతిగా వాడటం వలన ఇంజను పెట్రోలుతో ముంచుకుపోయింది. ప్లగ్ కొనల మధ్య ఖాళీ సాధారణంగా 0.6 నుండి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. కచ్చితమైన కొలత యంత్రపు కరదీపికలో ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులు కొన్నింటిలో ఆయిల్ మట్టం తగ్గితే నిప్పురవ్వను ఆపే సెన్సార్ ఉంటుంది. యంత్రాన్ని ఏటవాలు గట్టుపై నిలిపి తాడు లాగినప్పుడు ఆయిల్ సరిపడా ఉన్నా ఇది అడ్డుపడవచ్చు.

గత సీజను పెట్రోలును కార్బ్యురేటరులో వదిలివేయడం ఈ యంత్రాల ప్రధాన శత్రువు. ఆవిరి కాగల భాగం పోయి, మిగిలినది జిగురుగా మారి సన్నని జెట్‌ను మూసివేస్తుంది. నేటి పెట్రోలులో కలిసి ఉన్న ఇథనాల్ తేమను పీల్చుకొంటుంది. తేమ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగున చేరతాయి. పాత పెట్రోలును పారబోసి, కార్బ్యురేటరు గిన్నెను, జెట్‌ను శుభ్రం చేసి, తాజా పెట్రోలు పోయడమే పరిహారం.

నిల్వలోనే నివారణ

జూలైలో కనిపించే లోపాలలో అధికభాగం అంతకుముందు నిల్వ కాలంలో పుట్టినవే. అంతరకృషి ముగిసి యంత్రాన్ని కొట్టంలో పెట్టే రోజున చేసే గంట పని వాటిని చాలావరకు నివారిస్తుంది. డీజిల్ ట్యాంకును నింపి ఉంచాలి. పెట్రోలు ట్యాంకును మాత్రం ఖాళీ చేసి, కార్బ్యురేటరులో మిగిలినది అయిపోయే వరకు ఇంజనును నడపాలి. బ్యాటరీని విప్పేటప్పుడు రుణ ధ్రువపు తీగను ముందు తీసి, బిగించేటప్పుడు చివరగా బిగించాలి. నెలకొకసారి ఛార్జి చేస్తూ, పలకలు మునిగేలా స్వేదన జలం మాత్రమే పోయాలి. ఛార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక సమీపంలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. ఎలుకలు తీగలను కొరకకుండా కొట్టం శుభ్రంగా ఉంచాలి. మృగశిర కార్తె రాకముందే ఒకసారి ఇంజనును నడిపి చూస్తే, లోపం ఉన్నా సరిదిద్దడానికి వ్యవధి మిగులుతుంది.

ముగింపు

స్టార్ట్ కాని ఇంజను ముందు తొందరపాటు ఖర్చును పెంచుతుంది. క్రమం ఖర్చును తగ్గిస్తుంది. ఇంజను తిరుగుతున్నదా అన్న ప్రశ్న, శబ్దం, వోల్టేజి, పొగ, ప్లగ్ స్థితి అన్న సూచనలు, ఒక సాధారణ మల్టీమీటరు ఉంటే చాలు. చేను గట్టుపైననే చాలా లోపాలను గుర్తించవచ్చు. ఒత్తిడి లోపం, ఇంజెక్షన్ పంపు మరమ్మతు వంటివి మాత్రం అనుభవజ్ఞులైన మెకానిక్‌లకే అప్పగించాలి. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాల నిర్వాహకులకు, గ్రామీణ యువతకు వేసవిలోనే ఈ పరీక్షలను చేయించి చూపే శిక్షణలు నిర్వహిస్తే, రేగడి పదును ఇచ్చే ఆ రెండు మూడు రోజులు రైతు చేజారిపోకుండా ఉంటాయి.