పాత నీడ గడియారం - పుట్టినూరు తెలుసుకోవడం ఎలా?

అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకున్న సోదరీమణులు కొండమీది నీడ గడియారాన్ని చూసే వుంటారు. దాని నీడను మన చేతి గడియారంతో సరిచూసుకుని, ఆశ్చర్యపడి వచ్చేస్తాం. అది ఒకచోట కట్టిన గడియారం. ఇటువంటిదే జేబులో పట్టేటంత చిన్నదిగా చేయించుకుని, ఒకప్పుడు యూరప్‌లో వర్తకులూ, ప్రయాణీకులూ వెంట తీసుకువెళ్ళేవారు. అలాంటి పాత గడియారం ఎక్కడ పుట్టిందో, ఎటువంటి చేతి పనో గుర్తుపట్టడం ఎలాగో ఇవాళ చెప్పుకుందాం.

"మనకెందుకండీ యీ గొడవ?" అనకండి. మా ఎదురింటావిడ చీటీ పాడిన డబ్బుతో, భర్త షష్టిపూర్తికి ఇత్తడి నీడ గడియారం ఒకటి కొని తెచ్చింది. మూత తీస్తే దిక్సూచి, దానిమీద మడతపెట్టే రేకు, లండన్ కంపెనీ పేరు, 1885 అన్న అంకె! ఎవరో దొరగారిదని షాపువాడు చెప్పాడట. "అక్కయ్యా, నిజంగా పాతదేనా, కాస్త చూసి చెప్పండి" అంది. చూశాక నాకు నోట మాట రాలేదు. ఎందుకో చెబుతాను.

ముందుగా ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. నీడను వేసే రేకునో, దారాన్నో శంకువు అంటారు. గంటల పలక బల్లపరుపుగా వుంటే, ఆ శంకువు ఎంత వాలుగా నిలబడాలన్నది ఊరి అక్షాంశాన్ని బట్టి వుంటుంది. హైదరాబాదుకు పదిహేడు డిగ్రీల పైచిలుకు, జయపురానికి 27, పారిస్‌కు సుమారు 49, లండన్‌కు యాభై ఒకటిన్నర. గుడిలోని గడియారం కదలదు గనుక దానికి ఒక్క కోణం చాలు. జేబులోది ఊళ్ళు తిరుగుతుంది. అంచేత కోణం మార్చుకునే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటును ఒక్కొక్క ఊరి పనివారు ఒక్కొక్క విధంగా చేశారు. మనకు అదే మొదటి ఆనవాలు.

దంతపు పలకలు రెండు పుస్తకంలా తెరుచుకుని, మధ్య దారం బిగుసుకుంటే అది చాలావరకు జర్మనీలోని న్యూరెంబర్గ్ పని. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఆ ఊరు దీనికి పెట్టింది పేరు. దారం దూర్చడానికి పైపలకలో కొన్నిటికి రెండు మూడు బెజ్జాలుంటాయి. ఒక్కొక్క బెజ్జం ఒక్కొక్క అక్షాంశానికన్నమాట. అక్కడి పనివారు తమ తమ గుర్తులు వేసేవారు. టూషర్ వారిది పాము, రైన్‌మన్‌ది కిరీటం, ట్రోషెల్‌ది పిట్ట. కొన్నిటిమీద సూర్యోదయం నుంచి లెక్కపెట్టే గంటలు కూడా వుంటాయి. మన పెద్దవాళ్ళు పొద్దుపొడుపు నుంచి గడియలు లెక్కపెట్టలేదూ, అలాగే!

వెండి లేక ఇత్తడి పలక ఎనిమిది పలకలుగా వుండి, శంకువుకు ఆనుకుని ఒక పిట్ట బొమ్మ వుంటే అది పారిస్ పద్ధతి. శంకువును పైకీ కిందికీ జరిపితే పిట్ట ముక్కు డిగ్రీల అంకెను చూపుతుంది. ఇంగ్లండులో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డ మైకేల్ బటర్‌ఫీల్డ్ పేరుమీద వీటిని బటర్‌ఫీల్డ్ గడియారాలంటారు. ఆయన 1724లో చనిపోయాడు. ఇతరులూ అదే పద్ధతిలో చేశారు గనుక, పిట్ట కనబడగానే ఆయన చేతిదే అనుకోకూడదు.

మూడోది జర్మనీలోనే ఆగ్స్‌బర్గ్ పని. ఇందులో గంటల పట్టీ ఒక వలయం. పక్కనున్న డిగ్రీల చాపం చూసుకుంటూ ఆ వలయాన్నే వాల్చుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇవి విరివిగా తయారయ్యాయి.

ఇక పలకను తిరగేసి చూడండి. ఊళ్ళ పేర్లూ, పక్కన అంకెలూ చెక్కి వుంటాయి. అవి ఆయా ఊళ్ళ అక్షాంశాలు. ఫ్రెంచి ఊళ్ళే ఎక్కువైతే ఆ వస్తువు ఫ్రాన్సులో తిరిగేవారికోసం చేసినదని ఊహించవచ్చు. ఆగ్స్‌బర్గ్ వాటికి ఈ పట్టిక ఒక్కోసారి అచ్చు కాగితంగా పెట్టెలో వుంటుంది. ఆ కాగితాన్ని చెత్త అనుకుని పారేయకండి!

దిక్సూచి అడుగున వంకరగా ఒక గీత కనిపిస్తే అది పొరపాటు కాదు. ముల్లు సరిగ్గా ఉత్తరాన్ని చూపదు, కాలాన్ని బట్టి జరుగుతుంది. లండన్‌లో 1580లో సుమారు 11 డిగ్రీలు తూర్పుకు వుండేది. 1660 ప్రాంతంలో సరిగ్గా ఉత్తరానికి వచ్చింది. 1820 ప్రాంతానికి 24 డిగ్రీలు పడమటికి పోయింది. ఊరు తెలిస్తే, ఆ గీతను బట్టి వస్తువు వయస్సు ఉజ్జాయింపుగా చెప్పవచ్చు.

ఇక మా ఎదురింటావిడ గడియారం సంగతి. బల్లపరుపు పలకమీద గంటల గీతలు పన్నెండు దగ్గర దగ్గరదగ్గరగానూ, ఆరు వైపు ఎడంగానూ వుండాలి. సమాన దూరంలో వుండవలసినవి వాల్చే వలయం మీదనే. ఆవిడ పలకమీద అన్నీ సమానం! అంటే ఏ ఊళ్ళోనూ అది సరైన కాలం చూపదు. రెండోది, గీతలు చేత్తో చెక్కినవి కావు, అచ్చులో పోసినట్టు అంచులు గుండ్రంగా వున్నాయి. మూడోది, అడుగున ప్లస్ గుర్తు గాడి వున్న స్క్రూ. అటువంటి స్క్రూలు 1930ల తర్వాత వచ్చినవి. మరి 1885లో ఎక్కడివి?

పాపం, ఆవిడ తిరిగి ఇవ్వడానికి వెళితే బిల్లుమీద "ఇత్తడి అలంకార వస్తువు" అని మాత్రమే వుంది. డబ్బు వెనక్కి రాలేదు. కనుక పాతదని చెప్పి ఎక్కువ ధర అడిగితే, ఎక్కడిదో, ఏ కాలానిదో బిల్లుమీద రాయించుకోండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

అదృష్టవశాత్తూ నిజమైనదే మీ ఇంట్లో అటకమీద దొరికిందనుకోండి. చింతపండుతో తోమకండి! సన్నని గీతలూ, వుంటే బంగారు పూతా అరిగిపోతాయి. పొడి మెత్తని గుడ్డ చాలు. మన దేశంలో దంతపు వస్తువుల వ్యాపారం నిషిద్ధమనీ, నూరేళ్ళు దాటిన ఇటువంటి పురాతన వస్తువును సొంతంగా విదేశాలకు పంపడానికి 1972 నాటి చట్టం ఒప్పుకోదనీ గుర్తుంచుకోండి.

పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు ఒక్కసారి మూత తెరిచి చూడండి. పిట్టో, పామో, ఊళ్ళ పట్టికో కనబడితే, తూకం మాట పక్కన పెట్టి తెలిసినవారికి చూపించండి.